కట్ చెప్పలేని దర్శకుడు

అతనికి ఫోన్ పెట్టేయడం చేతకాదు. అవతలివాళ్ళు పెట్టేసేదాకా చెవికి ఆనించుకుని అలాగే నిలబడతాడు. చుట్టాలను సాగనంపడానికి గుమ్మం దాకా వెళ్ళాడంటే ఇక వంట చల్లారిపోవలసిందే. పెళ్ళయిన కొత్తలో భార్యకు అది మర్యాదగా కనిపించింది. తర్వాత్తర్వాత జబ్బు అని తేల్చుకుంది.

ఆ జబ్బు వృత్తిలోకీ పాకింది. మనవాడు సినిమా దర్శకుడు. షాట్ అయిపోయినా "కట్" అనడు. నటులు చెప్పవలసిన మాటలన్నీ చెప్పేసి, ఏం చేయాలో తోచక నిలబడిపోతారు. ఒకడు ముక్కు గోక్కుంటాడు, ఒకామె కిటికీలోంచి బయటికి చూస్తుంది. కెమెరా మాత్రం తిరుగుతూనే ఉంటుంది. అతనికి కావలసింది ఆ తర్వాతి ముక్కే. యూనిట్ వాళ్ళు విసిగిపోయి "సాగదీత" అని పేరు పెట్టారు. ఎదురుగానే పిలిచేవారు. అతను పలికేవాడు కూడా.

మరదలి ఫ్లాటులో, లిఫ్టు చెడిపోయిన ఆ భవనం మెట్ల మీద, ఒక చిన్న సినిమా తీశాడు. చివరి షాట్‌లో ఒకామె సంచులు మోసుకుంటూ పైకొచ్చి తాళంచెవి వెతుక్కోవాలి. వెతుక్కుంది, దొరికింది. కట్ వినిపించలేదు. ఆమె మెట్టు మీద కూలబడి, ఏం గుర్తొచ్చిందో ఏమో, మోచేతిలో మొహం దాచుకుని ఏడ్చింది. ఆ సినిమాను పట్టుమని పదిమంది చూడలేదు. చూసినవాళ్ళలో ఒకడు పెద్ద కంపెనీ మనిషి.

ముసుగులు వేసుకుని ప్రపంచాన్ని కాపాడేవాళ్ళ కథలు ఆ కంపెనీవి. ఒక్కొక్క భాగం విడుదలైనప్పుడల్లా ఊళ్ళకి ఊళ్ళు థియేటర్ల మీద పడతాయి. కొత్త భాగాన్ని తీయమని ఇతనికి ఫోన్ వచ్చింది.

"ఇదివరకు ఒప్పుకున్నాయన ఏమయ్యారండీ?" అని అడిగాడు.

"ఆరోగ్యం బాగోక తప్పుకున్నారు."

"అయ్యో, ఏమైంది ఆయనకి?"

"ఆయనకేం కాలేదు. మాకే పడలేదు" అన్నాడు కంపెనీ మనిషి, చాలా మర్యాదగా.

ఆ పూట అతనికి ముద్ద దిగలేదు. భార్య మొహంలోకి చూసి, "భయంగా ఉందా?" అంది.

"ఉంది."

"మరి ఒప్పుకున్నారెందుకు?"

"వద్దని చెబితే, ఆ తర్వాత ఫోన్ పెట్టేయాలి కదా" అన్నాడు. ఆమె నవ్వింది గానీ అతను నవ్వలేదు.

సెట్లో అతనికి ఒక కుర్చీ వేశారు. వెనక గుడ్డ మీద అతని పేరు దారంతో కుట్టి ఉంది. ఆ అక్షరాల చుట్టూ సన్నటి సూది కన్నాలు, అంతకుముందు కుట్టి విప్పేసిన పేర్లవి. ఎవరు ఎంతకాలం కూర్చున్నారో గానీ గుడ్డ జల్లెడైపోయింది. అతను వీపు ఆనించకుండా, ముందంచు మీద కూర్చోవడం అలవాటు చేసుకున్నాడు.

అక్కడ అతను చేయవలసింది పెద్దగా ఏమీ లేదు. ఏ దెబ్బ ఎటు తగలాలో, ఏ గోడ ఎటు కూలాలో ముందే కంప్యూటర్లో బొమ్మలు గీసి పెట్టేశారు. షాట్‌కు రెండు మాటలు, మొదట "యాక్షన్", చివర "కట్". అందులో మొదటిది అతనికి బాగానే వచ్చు.

ఆ రోజు తీసేది తాడు షాట్. నీలం గుడ్డలు కట్టిన పెద్ద హాల్లో, క్రేన్ మీంచి హీరోయిన్ కిందికి పడిపోతుంది, మధ్యలో తాడు బిగుసుకుంటుంది, తలకిందులుగా వేలాడుతుంది. హీరోయిన్ తన గదిలో టీ తాగుతోంది. పడేది ఆమెకు డూప్. బక్కపల్చటి మనిషి, తాళ్ళవాళ్ళు ఆమెను తూనీగ అంటారు.

"పడ్డాక స్పృహ లేనట్టే ఉంటాను సార్. మీరు కట్ అనేదాకా వేలు కూడా కదపను" అంది తూనీగ, నడుముకి పట్టీ బిగించుకుంటూ.

"ఇబ్బందైతే?"

ఫైట్ మాస్టర్ అందుకున్నాడు. "గుప్పిట మూస్తుంది సార్. మూసిందంటే మీతో పని లేకుండా నేనే దించేస్తాను. చెయ్యి తెరిచి ఉందంటే అంతా బాగున్నట్టే."

అందరూ తలాడించారు. ఎన్నో ఏళ్ళుగా అక్కడ నడుస్తున్న పద్ధతి అది. స్పృహ పోయినవాళ్ళు గుప్పిట ఎలా మూస్తారని ఒక్కరికీ తట్టలేదు. ఇంతమందికి జీతాలిచ్చి పెట్టుకున్నది దేనికో నాకైతే అర్థం కాదు.

"యాక్షన్" అన్నాడు. తూనీగ పడింది. తాడు బిగుసుకుంది. కాసేపు ఊగి, నిలిచింది. బొమ్మల ప్రకారం షాట్ అయిపోయింది.

అతను కట్ అనలేదు. ఎదురుగా మానిటర్లో ఆమె చెయ్యి కనిపిస్తోంది. వేళ్ళు ఒకదాని తర్వాత ఒకటి వదులవుతున్నాయి, ఆశలన్నీ వదిలేసుకున్న మనిషి వేళ్ళలా. అంత నిజమైన చెయ్యిని అతను ఏ సినిమాలోనూ చూడలేదు. ఏదో తేడాగా ఉందే అనుకున్నాడు. ఫైట్ మాస్టర్ వైపు చూశాడు. ఆయన తెరిచి ఉన్న చేతినే చూస్తూ నిశ్చింతగా ఉన్నాడు. వెనకనుంచి కంపెనీ మనిషి వంగి, "ఉండనివ్వండి, దీనికోసమేగా మిమ్మల్ని తెచ్చుకుంది" అని గుసగుసలాడాడు.

ఉండనిచ్చాడు.

అప్పుడు తూనీగ పెదవి చివర్నుంచి సన్నగా చొంగ జారి, చెంప మీదుగా కంట్లోకి పాకింది. ఆమె రెప్ప వేయలేదు. అతను నోరు తెరిచాడు. ఆ ఒక్క మాటా బయటికి రాలేదు. ఈలోగా మెడ ఊగిన తీరు చూసి ఫైట్ మాస్టరే "దించండ్రా" అని కేకవేశాడు.

పట్టీ పైకి జారి ఛాతీని బిగించేసిందనీ, ఊపిరాడలేదనీ డాక్టర్ చెప్పాడు. పక్కటెముక చిట్లింది. ఇంకాసేపు ఉంటే అని మొదలుపెట్టి, అతని మొహం చూసి ఆపేశాడు.

మర్నాడు ఎడిటింగ్ గదిలో కంపెనీ మనిషి ఆ షాట్ వేయించుకుని, చూసి కళ్ళు తుడుచుకున్నాడు. "ట్రైలర్ దీంతోనే ముగుస్తుంది. పాపం, ఆమెకేం కాలేదుగా" అన్నాడు.

ఆయన వెళ్ళాక దర్శకుడు తలుపు వేసుకున్నాడు. అతను ఒక్కడే మళ్ళీ చూశాడు. నిజం తెలిసి చూస్తున్నా, ఆ వేళ్ళు వదులయ్యే చోట ఆపెయ్యాలనిపించలేదు. బాగుంది అనిపించింది. అప్పుడు పట్టుకుంది అసలు భయం. కుర్చీ పోతుందన్న భయం దాని ముందు ఏపాటిది. ఇన్నాళ్ళూ మనుషుల మీద ప్రేమకొద్దీ కట్ చెప్పడం లేదనుకున్నాడు. గదిలో లైటు వేసి ఆసుపత్రికి బయల్దేరాడు. లైటు తీసేయాలన్న ధ్యాస కూడా లేదు.

తూనీగ దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. పక్కన వాళ్ళమ్మ బత్తాయి ఒలుస్తోంది. అతన్ని చూడగానే తూనీగ లేవబోయి, నొప్పికి ఆగిపోయింది.

"తప్పు నాదే సార్. మీరు కట్ అన్నది నాకు వినపడలేదు. పరాకుగా ఉన్నట్టున్నాను" అంది.

పారిపోదామా అనిపించింది అతనికి. గుమ్మం దగ్గరే ఉంది.

"నేను అనలేదమ్మా" అన్నాడు.

"అనలేదా?"

"లేదు."

"ఎందుకని?"

"బాగుందని."

ఆమె తిడితే బాగుండునని అతను ఎదురుచూశాడు. తిట్టలేదు.

"అది సినిమాలో ఉంటుందా సార్?"

"ఉంచుతామంటున్నారు."

"తీయించెయ్యండి. మా అమ్మ నా సినిమాలన్నీ చూస్తుంది. మొహం కనపడకపోయినా ఇది నా వీపు, ఇది నా చెయ్యి అని పక్కవాళ్ళకి చూపిస్తుంది. అది నటన కాదని అమ్మకి తెలిసిపోతుంది."

వాళ్ళమ్మ తొనలు ఒలవడం ఆపింది గానీ తల ఎత్తలేదు.

అతను వరండాలోకి వెళ్ళి ఫోన్ చేశాడు.

"ఆ షాట్ వెయ్యొద్దండీ."

"నిద్ర పట్టినట్టు లేదు మీకు. కాస్త విశ్రాంతి తీసుకోండి" అన్నాడు కంపెనీ మనిషి.

"వేస్తే, అందులో ఆమె నిజంగానే స్పృహ తప్పిందని బయట నేనే చెబుతాను."

అవతలి గొంతు మెత్తబడింది. "ఒక్కమాట ఆలోచించండి. ఈ సినిమా మొత్తంలో మీదంటూ ఉన్నది ఆ ఒక్క షాటే. మిగతావి ఎవరైనా తీస్తారు. రేపొద్దున వేరేవాళ్ళు తీసినా ఎవరూ గుర్తుపట్టరు. వింటున్నారా?"

వింటున్నాడు. మామూలుగా అయితే ఆయన చెప్పడం ముగించేదాకా విని, పెట్టేసేదాకా నిలబడి, చివరికి సరేననేవాడు. కుర్చీ గుడ్డ మీద కన్నాలు కళ్ళముందు కదిలాయి. ఆయన ఇంకా మాట్లాడుతుండగానే అతను ఫోన్ పెట్టేశాడు. పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.

గదిలోకి తిరిగొచ్చేసరికి వాళ్ళమ్మ అడిగింది. "ఏమన్నారు బాబూ?"

"ఆ షాట్ తీసేస్తారమ్మా. ఆ వెంటనే నన్ను కూడా."

ఆమె ఒక తొన అతని చేతిలో పెట్టింది. జేబులో ఫోన్ మళ్ళీ మోగడం మొదలుపెట్టింది. అతని భయం ఇసుమంతైనా తగ్గలేదు. అయినా ఫోన్ తీయకుండా, తొన నోట్లో వేసుకుని, తూనీగ పక్కనున్న స్టూలు మీద వెనక్కి వాలి కూర్చోబోయాడు. స్టూలుకి వీపు ఆనించుకునేందుకు ఏమీ లేదు.

"జాగ్రత్త సార్, పడతారు" అంది తూనీగ.