దొర బంగళాకు బెల్టు చెప్పులు

మా అవ్వకు, అంటే నన్ను కన్న అమ్మకు, ఒక అలవాటుంది. స్తంభాలున్న కట్టడం కనబడితే చాలు, ఆమె కాళ్ళు చెప్పుల్లోంచి బయటికి వచ్చేస్తాయి. ఆమె విడవదు, అవే విడుస్తాయి. ఎల్లారెడ్డిలో బ్యాంకు ముందు, తహసీల్ ఆఫీసు ముందు, ఫంక్షన్ హాలు ముందు ఆమె చెప్పుల జత దిక్కులేనిదానిలా ఎండలో పడి ఉండేది. కామారెడ్డిలో ఒక పెద్ద బట్టల దుకాణం ముందు కూడా అలాగే విడిచి లోపలికి వెళ్ళింది. చీర కొని బయటికి వచ్చేసరికి చెప్పులు లేవు.

"పోనియ్ అవ్వా. గుడనుకొని ఎవరో భక్తుడు ఎత్తుకపోయిండు" అన్నాను.

వీపు మీద ఒకటిచ్చి, కాలే రోడ్డు మీద నా ఆటో దాకా గెంతుతూ నడిచింది.

నేను ఎల్లారెడ్డి నుంచి నాగిరెడ్డిపేట దాకా షేర్ ఆటో నడుపుతాను. ఆరో తరగతిలో బడికీ నాకూ చెడింది, ఇద్దరం సుఖంగానే ఉన్నాం. నా ఆటో ఎక్కినవాళ్ళు నవ్వకుండా దిగరు. మా అవ్వ ఒక్కతే నా మాటలకు నవ్వదు. ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ, తల ఎత్తకుండా "అయిపోయిందా?" అని అడుగుతుంది.

ఆ కాళ్ళ అలవాటు ఎక్కడిదో నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అవ్వ పుట్టిన ఊళ్ళో దొర గడి ఉండేది. గడి అంటే దొర ఇల్లే గానీ, దాన్ని ఇల్లు అంటే దొరకు కోపం వచ్చేంత పెద్దది. దాని ముందు నుంచి పోయేవాళ్ళు చెప్పులు విడిచి చేత పట్టుకుని పోవాలి. అవ్వ చిన్నపిల్లగా ఉన్నప్పుడు వాళ్ళ బాపు అంగడిలో ఆమెకు మొదటిసారి చెప్పులు కొనిచ్చాడు. ఆ సంబురంలో పిల్ల గడి సంగతి మరిచిపోయి టపటపమని నడిచింది. గేటు దగ్గరి కావలివాడు పిలిచి, చేతిలో కాదు, నెత్తి మీద పెట్టుకుని పొమ్మన్నాడు. గడి గోడ పొడుగునా అలాగే నడిచింది. ఇంటికొచ్చి చెప్పులను అటక మీద పడేసింది. మళ్ళీ వాటి మీదికి మనసు పోయేసరికి పాదాలు పెరిగిపోయాయి.

"మరి ఆ చెప్పులేమైనయే?" అని అడిగాను ఒకసారి.

"మా చెల్లె తొడిగింది. గడి దిక్కు పోకుండ పొలాలకెల్లి సుట్టు తిరిగి పోయేది. దానికి తెలివున్నది."

పోయిన చలికాలం మా గల్లీవాళ్ళంతా కలిసి సింహాచలం యాత్రకు బస్సు మాట్లాడుకున్నారు. వెళ్ళడానికి ముందు నా బిడ్డ ఫోన్లో విశాఖపట్నం ఫొటోలు చూపిస్తోంది. సముద్రం వచ్చింది, జలాంతర్గామి వచ్చింది. తునికాకును కత్తిరిస్తున్న అవ్వ ఒక కంటితో అటూ, ఒక కంటితో ఇటూ చూస్తోంది. ఇంకో ఫొటో దగ్గర ఆమె కత్తెర ఆగింది. తెల్లని స్తంభాలు, పెద్ద తలుపు.

"గిదేంది?"

"తెల్లదొరల బంగళా నాయినమ్మా. ఇప్పుడు మ్యూజియం" అంది నా బిడ్డ.

"దొర ఉన్నడా అండ్ల?"

"పోయి శానేండ్లయింది. సామాన్లున్నయ్" అన్నాను నేను. "టికెట్ కొంటే నువ్వు గూడ పోయి చూడొచ్చు."

"ముందటి దర్వాజకెల్లా?"

"ముందటి దర్వాజకెల్లే."

"చెప్పుల మీదనా?"

"బూట్లేసుకొని గూడ పోవచ్చు. గుర్రం మీద పోతనంటే మాత్రం అడగాలె."

ఆమె నవ్వలేదు. "అయితే పోత" అంది.

"అవ్వా, గా దొర వేరు, మీ దొర వేరు. ఈయన మీ ఊరి దొరకు చుట్టం గూడ కాదు."

"ఏ దొరైతేంది కొడుకా? మా ఊరి గడి కూలిపాయె, సర్కారు తుమ్మ మొలిచె. అండ్లకు యాడికెల్లి పోవాలె? దర్వాజ నిలవడ్డకాడికే పోవాలె గదా."

మర్నాడే కామారెడ్డిలో చెప్పుల దుకాణానికి తీసుకెళ్ళాను. దుకాణం అతను పెద్దావిడ కదా అని మెత్తటి జతలు తెచ్చి ముందు పెట్టాడు. వేలితో పక్కకు నెట్టేసింది.

"ఊడనియి కావాలె. మడిమకు బెల్టుండాలె. నేను ఇడుస్తనన్నా అవి ఇడువొద్దు."

"అన్నా, తాళం ఏసేటియి ఉంటే ఇంకా మంచిది" అన్నాను.

"నువ్వు నోటికి ఏపిచ్చుకో" అంది అవ్వ. నల్లటి జత ఒకటి తీసుకుని, అడుగు అట్టను గోటితో కొట్టి చప్పుడు విని, అదే కొనిపించింది.

యాత్రకు ముందు ఒక పొద్దున్నే ఆటో బ్యాంకు ముందు ఆపమంది. దిగి, కొత్త చెప్పులతో మెట్లెక్కి, తలుపు లోపలికి వెళ్ళి, మళ్ళీ వచ్చి కూర్చుంది.

"ఏం పనే?"

"ఏం లేదు. పోయొచ్చిన."

ఆటోలో వెనక కూర్చున్నవాళ్ళు నా ముఖం చూశారు. నేను అద్దం సర్దుకున్నాను.

సింహాచలం దర్శనం అయ్యాక బస్సును సముద్రం ఒడ్డుకు తీసుకొచ్చారు. మావాళ్ళంతా కొంగులూ పంచెలూ ఎగ్గట్టుకుని నీళ్ళ వైపు పరుగెత్తారు. పుట్టి ఇన్నేళ్ళకు సముద్రం చూడ్డానికి వచ్చిన మనిషి అవ్వ. అటు తల తిప్పనైనా లేదు.

"సముద్రం యాడికి పోదు. నడువు."

బంగళా రోడ్డుకు ఇవతలే ఉంది. ఫొటోలో కంటే పెద్దది. వరండాలో స్తంభాలు ఇద్దరు మనుషులు చేతులు కలిపితే అందేంత లావున్నాయి. టికెట్లు తీసుకుని తలుపు దగ్గరికి వచ్చాం. గడప ముందు అవ్వ ఆగిపోయింది. ఆమె కుడి మడమ పైకి లేచింది. చెప్పు బెల్టు దాన్ని పట్టి ఆపింది. మడమ దిగింది, మళ్ళీ లేచింది. మళ్ళీ పట్టుకుంది.

"ఊడుతలేదు" అంది మెల్లగా, తనలో తాను అనుకున్నట్టు. అని గడప దాటింది.

లోపల కత్తులున్నాయి, తుపాకులున్నాయి, ఆగిపోయిన గడియారాలున్నాయి. అవ్వ వాటిని పెద్దగా చూడలేదు. నల్లగా మెరిసే బండల మీద ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నడిచి, తర్వాతి గదిలోకి వెళ్ళి, అక్కడా అలాగే నడిచింది. చెప్పుల చప్పుడు ఎత్తైన కప్పుకు తగిలి వెనక్కి వస్తోంది. ఒక గోడ మీద ఎర్రకోటు దొర పటం ఉంది.

"గీనెనా?"

"గీనెనే కావొచ్చు."

"మీసం మా దొరదే మంచిగుండె" అని ముందుకు పోయింది.

చివరి గదిలో మేడ మీదికి చెక్కమెట్లున్నాయి. మెట్ల మొదట్లో ఒక బోర్డు, పక్కన చెప్పుల అర, స్టూలు మీద కాపలా మనిషి.

"చెప్పులు ఇక్కడ విడిచేసెళ్ళాలమ్మా. పైనంతా పాత కర్ర, గీతలు పడిపోతాయి."

"నేనిడువ" అంది అవ్వ.

"అందరూ విడుస్తారమ్మా. కలెక్టరుగారొచ్చినా విడవాల్సిందే."

అది నిజమే. మా ముందున్న మొగుడూ పెళ్ళాం మాటల్లో ఉండే బూట్లు విప్పి, అరలో పెట్టి, మాటల్లో ఉండే పైకి వెళ్ళిపోయారు. నేను అవ్వ చెవి దగ్గరికి వంగాను.

"ఇది గడి లెక్క కాదే. కట్టె ఖరాబైతదని చెప్తుండు."

"నాకు సమజైంది. ఆ పిలగానిది తప్పేం లేదు."

"మరేంది?"

"వాళ్ళకు చెప్పులంటే చెప్పులే. ఇడుస్తరు, తొడుగుతరు. నేను గిండ్ల ఇయ్యాల ఇడువ. నువ్వు పోయి చూసి చెప్పు."

"ఏటమ్మా, మోకాళ్ళ నొప్పులా?" అన్నాడు కాపలా అతను, స్టూలు ఖాళీ చేస్తూ.

"మోకాళ్ళు మంచిగనే ఉన్నయ్ కొడుకా" అని ఆమె కూర్చుంది. రెండు పాదాలూ ముందుకు చాపి, చెప్పులు అందరికీ కనబడేలా పెట్టుకుంది.

నేను నా చెప్పులు విడిచి పైకి ఎక్కాను. మేడ గదిలో రెండడుగులు వేయకముందే కింద నుంచి అవ్వ కేక.

"ఏమున్నదిరా?"

"మంచమున్నది."

"ఎంతది?"

"మన ఆటో పెట్టొచ్చు దాని మీద."

"ఇంకా?"

"నిలువుటద్దమున్నది. అండ్ల నేనున్న. బంగళా ఇజ్జత్ పోయింది."

కింద కాపలా అతను నవ్వడం వినబడింది. అవ్వ నవ్వు వినబడలేదు.

"కిటికీలకెల్లి ఏం కనవడుతది?"

"సముద్రం. దొర లేస్తూనే దాన్నే చూసేటోడు."

తర్వాత ఇంకో ప్రశ్న వచ్చింది.

"వాకిలి ఊడ్చేటోళ్ళు కనవడుతరా ఆడికెల్లి?"

కిటికీలోంచి వంగి చూశాను. వరండా కప్పు అడ్డం ఉంది. వాకిలి అసలు కనబడలేదు.

"కనవడరవ్వా."

"గందుకే మీద కట్టుకున్నడు. దిగిరా ఇగ."

నేను దిగేసరికి స్టూలు ఖాళీగా ఉంది. "మీ అమ్మగారు రెండో రౌండు తిరుగుతున్నారు" అన్నాడు కాపలా అతను. చప్పుడును బట్టి ఆమె ఏ గదిలో ఉందో తెలుస్తూనే ఉంది. చివరికి ఎర్రకోటు దొర ముందు నుంచి వచ్చి, ముందు తలుపులోంచే బయటికి నడిచి, మెట్లను పక్క నుంచి కాకుండా నడిమధ్య నుంచి దిగింది.

అప్పుడు సముద్రం వైపు చూసింది. ఇసుక మొదలయ్యే చోట వంగి, బెల్టులు ఊడదీసి, చెప్పులు నా చేతికిచ్చింది.

"ఈడ బోర్డు లేదవ్వా, ఎందుకు ఇడుస్తున్నవ్?"

"నీళ్ళల్ల చెప్పులతోని దిగుతరారా ఎవ్వలన్న?"

మోకాళ్ళ దాకా నీళ్ళలో నిలబడింది. ఒక అల వచ్చి చీరంతా తడిపింది. "మన పోచారం చెరువు మత్తడి దుంకినట్టున్నది" అంది, అంతే. అటూ ఇటూ కదలకుండా చాలాసేపు అలాగే ఉంది.

బస్సు హారన్ కొట్టింది. బస్సు బంగళా గోడకు ఆ చివర ఆగి ఉంది. రోడ్డు దాటాం. అవ్వ తడి కాళ్ళతో ముందు నడుస్తోంది, ఆమె చెప్పులు పట్టుకుని నేను వెనక. బంగళా గేటు ముందుకు రాగానే ఆమె ఆగి, వెనక్కి తిరిగి, నా ముఖం చూసి, నా చేతులు చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు ఊగుతున్నాయి. నా మాటలకు ఇన్నేళ్ళూ దాచిపెట్టిన నవ్వంతా అప్పుడు బయటపడింది.

"ఏందిరా, దొర బంగళా ముందట చెప్పులు చేతవట్టుకొని నడుస్తున్నవ్?"

నేను నా చేతుల్లో ఉన్న జత వైపు చూసుకున్నాను.

"కింద వెట్టు" అంది.

పెట్టాను. గొంతుకూర్చుని, ఇసుక అంటిన పాదాలకు బెల్టులు బిగించాను.

"ఇంకో బొక్కకు వెట్టు. గట్టిగుండాలె."

బస్సు మళ్ళీ హారన్ కొట్టింది. కిటికీల్లోంచి మావాళ్ళు చేతులు ఊపుతున్నారు. అవ్వ అడుగు పెంచలేదు. గోడ పొడుగునా, ఈ చివర నుంచి ఆ చివర దాకా, చప్పుడు చేసుకుంటూ నడిచింది. నేనూ ఆమె అడుగుకే నడిచాను.

"గంతసేపు ఏమున్నదవ్వా దొర ఇంట్ల?" అన్నాడు డ్రైవరు, ఆమె బస్సెక్కుతుంటే.

"బండలున్నయ్ కొడుకా" అంది. "మంచిగ మోగుతున్నయ్."