ఎవరూ పిలవని నలభై వరుసలు

ఆర్డిస్ హాల్వర్సన్ రాసిన కోడ్ కన్నా తీసేసిన కోడే ఎక్కువ. దులూత్‌లో బడి కంప్యూటర్లు బాగుచేసే ఉద్యోగం వదిలాక పన్నెండేళ్ళుగా ఆమె వ్యాపకం అదే. కంప్యూటరు మీట నొక్కగానే అన్నిటికన్నా ముందు లేచేది ఫర్మ్‌వేర్. ఎక్కడెక్కడివాళ్ళో కలిసి ఉచితంగా రాసుకునే అలాంటి ఫర్మ్‌వేర్‌ను ఆమె ఊడ్చి శుభ్రం చేస్తుంది. ఒక్కో పని చేసే కోడు ముక్క ఫంక్షన్; దాని పేరు పట్టుకుని ఫైళ్ళన్నీ వెతుకుతుంది. మిగతా కోడులో దాన్ని పనికి ఎవరూ పిలవకపోతే అది చచ్చిన కోడు. తీసేస్తుంది.

ఊరి లైబ్రరీలోని పదకొండు పాత కంప్యూటర్లు ఆ ఫర్మ్‌వేర్ చలవతోనే బతుకుతున్నాయి. వాటిని ఉంచాలో చెత్తకు పంపాలో శుక్రవారం లైబ్రరీ కమిటీ తేలుస్తుంది. బుధవారం ఆర్డిస్ మొదటిదానికి కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కించింది. ఫ్యాను తిరిగింది. తెర నల్లగానే ఉండిపోయింది.

లైబ్రేరియన్ గోర్డన్ నీమీ కాఫీ కప్పుతో వచ్చి నిలబడ్డాడు.

"ఏం తల్లీ, మళ్ళీ ఊడ్చావా?"

"ఊడ్చాను. చెత్తే."

"నా గాలాల డబ్బా పారేసి మా ఆవిడా అదే మాటంది."

"వేళాకోళం ఆపి ఆ పాత చిప్పు ఇలా ఇయ్యి, గోర్డీ."

పాత ఫర్మ్‌వేర్ ఉన్న ఆ చిప్పు పెడితే తెర వెలిగింది. అంటే తప్పు తన చీపురుదే. ఈ మధ్య తీసిన ఫంక్షన్లు ఆరు. ఒక్కొక్కటే తిరిగి పెట్టి చూసింది. నాలుగోదానితో, నలభై వరుసల కోడుతో, తెర మళ్ళీ వెలిగింది.

డిస్‌ప్లే కార్డు తన ఒంట్లోనే ఒక చిన్న ప్రోగ్రాము మోసుకొస్తుంది. అది నడిస్తేనే తెర మీద బొమ్మ. నడుస్తూ నడుస్తూ ఫర్మ్‌వేర్‌ను సాయం అడుగుతుంది, పేరుతో కాదు, నంబరుతో. ఆర్డిస్ వెతికింది పేర్లు. అదీ తన ఫైళ్ళలో. ఆ నలభై వరుసలను పిలిచే గొంతు కార్డులో ఉంది.

ఎంత పాతకాపయినా సరే, తన మార్పును తనే ఆమోదించుకోకూడదన్నది ఆ ఫర్మ్‌వేర్ రాసేవాళ్ళ కట్టుబాటు. వాళ్ళలో ఒకడు, హాలిఫాక్స్‌లో ఉండే డెస్మండ్ కోమో, ఆమె తిరిగి పెట్టిన వరుసల పరిశీలనకు కూర్చుని అడిగాడు: "ఆర్డిస్ గారూ, ఇది చచ్చిందని మార్చిలో మీరే అన్నారు కదా?"

"అన్నాను. నాడి చూడకుండా అన్నాను."

డెస్మండ్ ఇంకేమీ అడక్కుండా సరేనన్నాడు.

శుక్రవారం కమిటీ వచ్చేసరికి పదకొండు తెరలూ వెలుగుతున్నాయి. ఇంకో ఏడాది ఉంచుదామన్నారు.

"మరి నా గాలాల డబ్బా?" అన్నాడు గోర్డన్.

"అది మీ ఆవిడనే అడుగు."

ఆ నలభై వరుసల పైన ఆర్డిస్ ఒక మాట రాసిపెట్టింది: "పేరుతో ఎవరూ పిలవరు. కార్డులు నంబరుతో పిలుస్తాయి. తీయకండి."

మిగిలిన ఐదింటికీ ఈసారి నాడి చూసింది; నిజంగా చచ్చినవే. వాటిని తీసేసినట్టే వదిలేసింది.