ఉయ్యాల కొక్కీ

మా ఇంట్లో తలెత్తి పైకి చూసేది మానేసి రెండేండ్లు దాటింది. చూడొద్దని ఎవురూ చెప్పలే. అట్ల అలవాటైపోయింది. దానివల్ల ఏమయ్యిందంటే, హాల్లో సాలీళ్ళు కాపరాలు పెట్టినాయి. ఫ్యాను రెక్కల మీద దుమ్ము అట్టలు కట్టింది. ఊర్లో వాళ్ళ ఇండ్లకంతా పోయి ఈ మూల సరిలేదు, ఆ గోడ వంగింది అని అరిచే మేస్త్రీ ఇల్లు ఇది. చెప్పుకుంటే సిగ్గు.

కారణం, ఫ్యానుకు మూడడుగుల పక్కన ఉండే ఒక ఇనుప కొక్కీ.

వేలూరులో ఈ ఇల్లు నేనే కట్టుకున్నా. శ్లాబు పోసే రోజుకు నా పెండ్లానికి ఆరో నెల. సెంట్రింగ్ మీద ఇనుప కంబి పరిచినంక, పన్నెండు ఎంఎం కంబి ముక్క ఒకటి తీసి, నా చేత్తోనే వంచి, శ్లాబు కంబికి కట్టి కాంక్రీటులో దిగేసినా. ఉయ్యాలకు. మామూలుగా దానికి ఎనిమిది ఎంఎం చాలు. నా దగ్గర పని చేసేవాళ్ళు పడీపడీ నవ్వినారు. "ఏం మేస్త్రీ, పుట్టేది బిడ్డనా, ఏనుగుపిల్లనా?" అన్నారు. "మీకెందుకురా, నోరు మూసుకోని కాంక్రీటు మోయండి" అన్నా. సెంట్రింగ్ ఊడదీసిన రోజు రెండు చేతుల్తో ఆ కొక్కీ పట్టుకోని ఏలాడి చూసినా. ఎనభై రెండు కిలోల మనిషిని. ఇసుమంత కదల్లే. నా పెండ్లాం కింద నిలబడుకోని, "పుట్టబోయే బిడ్డకు నాయన ఉండాల, దిగు" అని తిట్టింది.

పాప పదకొండు నెల్లు ఆ కొక్కీ కింద పండుకునింది. మూడు దినాలు జరం వచ్చింది. పాప పోయింది. ఇంతకంటే జాస్తి ఇప్పుడు కూడా చెప్పలేను, నన్ను అడగొద్దండి.

పాప పోయిన మూడో నెల్లో సైటు నుంచి కంబి కోసే మిషను తెచ్చినా. ఆ కొక్కీని మొదలంటా కోసి పారేద్దామని. స్టూలెక్కి స్విచ్చు వేస్తే మిషను తిరగలే. వాకిట్లో నుంచి మా అమ్మ, "కరెంటు లేదు నాయనా" అనింది. పక్కింట్లో టీవీ మోగతా ఉండాది. సీరియల్లో ఎవురో కోడలు ఏడస్తా ఉంటే నాకు మాట మాటా వినిపిస్తా ఉండాది. చూస్తే మా అమ్మ పిడికిట్లో మా ఇంటి ఫ్యూజు. ముసలిదానికి శ్లాబు పగిలిపోతాదేమో అని భయం కాబోలు అనుకోని, మిషను తీసకపోయి వాపసిచ్చేసినా. ఆ ఫ్యూజు సంగతి ఆమె ఎత్తలే, నేనూ ఎత్తలే.

ఇట్లుండగా మా చెల్లెలు నీళ్ళు పోసుకునింది. దాన్ని గుడియాత్తంలో ఇచ్చినాము. దాని మొగుడు అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో సూపర్వైజరు. బంగారం లాంటి మనిషి, కాకపోతే చేతికి స్పానర్ ఇస్తే మాత్రం ఆ వస్తువు ఇంగ బతకదు. తొలి కాన్పు పుట్టింట్లో కదా. మా అమ్మ ఫోన్ చేసి దానితో, "గుడియాత్తంలో గాలి బాగుంటాది కదమ్మా, ఈడ వేలూరులో ఎండలు జాస్తి" అని మెల్లిగా తిప్పి చెప్తా ఉండాది. వేలూరు ఎండకూ గుడియాత్తం ఎండకూ తేడా చెప్పగలిగినోడు ఇంగా పుట్టలే. మా అమ్మ బాధ ఎండ గురించి కాదని అందరికీ తెలుసు.

నా పెండ్లాం వంటింట్లోనుంచి వచ్చి ఆ ఫోన్ లాక్కునింది. "తొలి కాన్పుకు ఆడబిడ్డ పుట్టింటికి రాకుండా యాడికి పోతాది? నేనుండా కదా. వచ్చేయి" అని కట్ చేసింది. నా పక్కకి తిరిగి, "నీకు కష్టంగా ఉంటే నువ్వు పో గుడియాత్తానికి" అనింది.

వచ్చింది. మా ఇంట్లో అప్పటికే కొన్ని మాటలు నిషేధం. పాప అనకూడదు. ఉయ్యాల అనకూడదు. అందుకని మా అమ్మ అన్నిటికీ "అది" అనేది. "అది కట్టాలంటే దానికి ఒక అది కావాల, అది లేకుండా అది ఎట్ల కడతారు?" అని ఒక రోజు మా చెల్లెలి దగ్గర గుసగుసలాడింది. నాకు మొత్తం అర్థమయ్యింది. అర్థం కానట్టు చెప్పులేసుకోని పనికి పోయినా.

మగపిల్లోడు పుట్టినాడు. ఐదో దినం ఇంటికి తెచ్చినారు. నేను వాడి మొగం చూడలే. పొద్దున్నే ఆరుకల్లా కనియంబాడి సైటుకు పరిగెత్తేది. ఆడ ఉండే పని రెండు దినాల పూత పని. దాన్ని ఆరు దినాలు చేసినా. పూసిన గోడ బాగలేదని గీకేసి మళ్ళీ పూసినా. ఇంటి ఓనరు కండ్లలో నీళ్ళు పెట్టుకోని, "ఇంత శ్రద్ధగా పని చేసే మేస్త్రీని నేను చూళ్ళేదప్పా" అన్నాడు. సాయంత్రం ఇంటికొస్తే పెరటి వాకిలి దావన దొంగ మాదిరి దూరి, స్నానం చేసి, అన్నం తిని, ముసుగు తన్నేది. నా ఇల్లే, నేను కట్టిన ఇల్లే.

నిజం చెప్తాండా, నాకు శానా కోపంగా ఉండె. ఆ పిల్లోని మీద కాదు. ఎవురి మీదో తెలిస్తే పోయి కొట్టొచ్చేవాన్ని. వాడు ఏడస్తే నా కాళ్ళు వాటంతటవే లేచేవి. రెండడుగులు వేసినంక, ఇది మన పాప కాదు కదా అని తెలిసేది. ఆ రెండడుగులు వెనక్కి వచ్చేది ఉండాదే, దానంత దూరం ఇంగోటి లేదు.

పిల్లోడు చాప మీద నిద్రపోడు. దాంతో మా అమ్మ లోపలి గదిలో కిటికీ కడ్డీకి ఒక కొస, తలుపు గొళ్ళేనికి ఇంగో కొస చీర కట్టి ఉయ్యాల చేసింది. ఎవురన్నా తలుపు తీస్తే పిల్లోడు జానెడు పైకి పోతాడు, మూస్తే కిందికి దిగతాడు. పోతాపోతా ఒక రోజు ఓరకంట చూసినా. రసమట్టం పెట్టాల్సిన పనే లేదు, తలకాయి పక్క నాలుగంగుళాలు పల్లం. నాకు నాలుక దురద పెట్టింది. పండ్లు కొరుక్కోని బయటికి పోయినా. మేస్త్రీ ఇంట్లో అంత ఘోరమైన పనిని చూస్తా ఊరుకున్నానంటే, నా పరిస్థితి ఏందో మీరే అనుకోండి.

పదకొండో దినం పురుటి స్నానం అయినంక, మా చెల్లెలి మొగుడు గుడియాత్తం బజారులో కొన్న స్టీలు ఉయ్యాల స్టాండును బస్సులో ఏసుకోని వచ్చినాడు. హాల్లో కూచోని తనే బిగించినాడు. పన్నెండు బోల్టులకు ఎనిమిది బిగించి, "మిగతా నాలుగు స్పేర్ అనుకుంటా బావా" అన్నాడు. నేను నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నా. ఆ నాలుగు బోల్టుల పాపం నాదే.

బిడ్డను వేసే ముందు ఉయ్యాల్లో గుండ్రాయిని పండబెట్టేది మా వాడుక. మా అమ్మ రుబ్బురోటి గుండ్రాయిని కడిగి, పసుపు పూసి, బొట్టు పెట్టి, గుడ్డ చుట్టి, బిడ్డను పండబెట్టినంత మెల్లిగా అందులో పెట్టింది. పక్కింటి ఆడోళ్ళు నలుగురు లాలి పాట ఎత్తుకున్నారు. ఒకసారి ఊపినారు. రెండోసారి ఊపినారు. మూడోసారికి ఆ స్టాండు, అప్పుడే పుట్టిన దూడ మాదిరి, నాలుగు కాళ్ళూ నాలుగు పక్కలకు చాపేసింది. గుండ్రాయి పోయి తిన్నగా మా చెల్లెలి మొగుని కుడికాలి బొటనవేలి మీద కూచునింది. ఆయన పెట్టిన కేక గుడియాత్తంలో వాళ్ళమ్మకు వినిపించుండాల. పక్కింటామె పాట ఆపి, "ఐయో, ఎన్నాచ్చు, ఏమయ్యింది?" అనింది. మా చెల్లెలి చేతుల్లో ఉండే పిల్లోడు మాత్రం కన్ను తెరవలే.

అందరికీ నవ్వొచ్చింది. నాకూ వచ్చింది. కానీ మా చెల్లెలు ఏడ్చింది.

"మేనమామ కట్టాల ఉయ్యాల" అనింది. పక్కింటోళ్ళు ఉండారని కూడా చూళ్ళే. "నాకు అన్న లేడా? అందులోనూ మేస్త్రీ. ఊరందరికీ ఇండ్లు కడతాడు, నా బిడ్డ మొగం మాత్రం పదకొండు దినాలైనా చూడలే. నువ్వు పడే నొప్పి నాకు తెలుసన్నా. మేముండేది నీకు నొప్పి అయితే ఒక్క మాట చెప్పకూడదా? రేపు పొద్దున ఫస్టు బస్సుకు పోతాండా. ఇంగ ఈ గడప తొక్కను."

నేను పోయి వాకిట్లో కూచున్నా. నాకు ఉండే కోపమే దానికీ ఉండాది, ఒకే కడుపున పుట్టినాము కదా. అనిందంటే చేస్తాది. లోపల బ్యాగు జిప్పు లాగే శబ్దం వినిపించింది. పాప పోయింది నా చేతిలో లేదు, ఎంత ఏడ్చినా లేదు. ఈ పిల్లోడు పోయేది మాత్రం నా చేతిలోనే ఉండాది అనిపించింది. అట్ల అనిపించినంక ఇంగ కూచోలేకపోయినా.

స్టూలు తెచ్చి హాల్లో వేసినా. ఎక్కి, రెండేండ్లకు మొదటిసారి పైకి చూసినా. కొక్కీ ఉండాది. సాలీడు దాని చుట్టూ గూడు కట్టింది. తుప్పు పట్టిపోయుండాది. తుప్పు మీద చీర వేస్తే చినిగిపోతాది కదా. సంచిలో నుంచి ఉప్పుకాగితం తీసి గర గరమని తోమేదానికి మొదలుపెట్టినా.

మా అమ్మ వంటింట్లో అల్లుని కాలికి పసుపు నూరతా ఉండె. ఆ గర గర విని, నేను కొక్కీని కోస్తాండానని అనుకునింది. ఈసారి ఫ్యూజు పీకేదానికి కూడా లేదు, చేత్తో కోసేదానికి కరెంటు ఎందుకు? పసుపు చేతుల్తోనే పరిగెత్తుకోని వచ్చి నా కాళ్ళు రెండూ కరిచి పట్టుకునింది. స్టూలు తన్నుకోని పోయింది. నేను కొక్కీ పట్టుకోని ఏలాడతాండా, మా అమ్మ నన్ను పట్టుకోని ఏలాడతా ఉండాది.

"కోయొద్దురా నాయనా!" అని అరుస్తాది. "మన పాపది అదొక్కటే మిగిలుండాది రా! కోయొద్దు!"

పాప. రెండేండ్లుగా ఆ ఇంట్లో ఎవురూ అనని మాట. మేమంతా ఒకరి కోసం ఒకరం నోరు కట్టుకోని ఉన్నామని నాకు ఆ ఏలాట్లో తెలిసింది. ఏడుపు తన్నుకోని వచ్చింది, కానీ రెండు చేతులూ పైనుంటే కండ్లు తుడుచుకునేది ఎట్ల?

"కోయలేదమ్మా, తోమతాండా! కాళ్ళు ఇడువు!"

మా చెల్లెలి మొగుడు కుంటుకుంటా వచ్చి, "బావా, చేతులు వదలండి, నేను పట్టుకుంటా" అన్నాడు. "ముందు నీ కాలు మీద నువ్వు నిలబడప్పా" అన్నా. అందరూ చేరినారు. నా పెండ్లాం వచ్చి నన్ను కిందినుంచి పైకి ఒకసారి చూసింది.

"బిడ్డకు మేనమామ ఉండాల, దిగు" అనింది.

దిగినంక నేను మొదట చూసింది కొక్కీనే. నా బరువు ఎనభై రెండు, మా అమ్మది అరవైకి తక్కువ ఉండదు. ఇసుమంత కదల్లే. పన్నెండు ఎంఎం.

నా పెండ్లాం లోపలికి పోయింది. ఎవురూ అడగలే, ఎవురూ చెప్పలే. బీరువా అడుగులో నుంచి నీలం నూలు చీర ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టింది. పాపకు ఉయ్యాల కట్టిన చీర అది. ఉతికి, మడిచి, వేపాకు వేసి పెట్టుకోనుండాది. నాకు తెలీదు. కొక్కీకి ఆ చీర కట్టి, ముడి రెండుసార్లు లాగి చూసి, తలకాయి పక్కా కాళ్ళ పక్కా సమంగా ఉండాదా అని రసమట్టం కూడా పెట్టినా. నవ్వుకోనీ. మళ్ళీ గుండ్రాయిని పండబెట్టినాము. నిలబడింది. మా చెల్లెలి మొగుడు ఈసారి గది అవతల నిలబడి చూసినాడు.

మా చెల్లెలు పిల్లోన్ని నా చేతికిచ్చింది. అప్పుడు చూసినా వాడి మొగం. అచ్చం వాళ్ళ నాయన, ఆ ముక్కూ ఆ చెవులూ, పాపం. పిడికిలి బిగించి నన్నే కొట్టేట్టు చూస్తా ఉండాడు. ఆ కోపం మాత్రం మాదే. బరువు లేడు, వేడిగా ఉండాడు. నా చేతులకు ఆ వేడి గుర్తుండె. మెల్లిగా చీరలో పండబెట్టినా.

మా చెల్లెలు వంగి వాడి చెవిలో, "ఇది నీ మరదలి ఉయ్యాల రా. తడిపి పెట్టొద్దు" అనింది. అని, నా పక్క భయంగా చూసింది.

నేను ఏమన్నా అనేలోపల మా అమ్మ అందుకునింది. "మరదలు ఎట్ల అవుతాది? మొన్న ఆడి మాసానికి దానికి మూడేండ్లు నిండినాయి. వీనికంటే పెద్దది. వదిన."

నా లెక్కలో పాప పదకొండు నెల్ల దగ్గరే నిలబడిపోయుండె. మా అమ్మ దగ్గర మాత్రం నెలా నెలా పెరగతానే ఉండాది. ఎవురికీ చెప్పకుండా, ఆ ముసలిది ఒక్కతే మా పాపను మూడేండ్ల పిల్లను చేసింది. నా పెండ్లాం "వదినంట" అని నవ్వింది, నవ్వతానే నా భుజానికి మొగం ఆనించింది. నేను అందరి ముందర, పక్కింటోళ్ళ ముందర కూడా, గట్టిగా ఏడ్చినా.

మా చెల్లెలు బ్యాగు విప్పి బట్టలు మళ్ళీ బీరువాలో పెట్టుకునింది. పిల్లోడు మాత్రం చెప్పిన మాట వినలే. పది నిమిషాల్లో వాళ్ళ వదిన ఉయ్యాల తడిపేసినాడు.