అక్షింతలకే ఫోకస్

ఈ రోజు పొద్దున కోయిలకుంట్లలో మా మేనమామ కూతురి పెళ్లి. కొత్త డిజిటల్ కెమెరా కొన్నాను కదా అని ఫోటోలు నేనే తీస్తానన్నాను. ఫోకస్ ఆటోమేటిక్‌లో వదిలేసి, తాళి కట్టేటప్పుడు వరసగా నొక్కాను. సాయంత్రం కంప్యూటర్‌లో చూస్తే గాల్లో అక్షింతలు గింజగింజా కనిపిస్తున్నాయి. వెనక పెళ్లికొడుకూ పెళ్లికూతురూ మసకమసక.

మామ కూడా వచ్చి ఫోటోలు చూశాడు.

"ఏమప్పా, అందరూ అక్షింతలేసినట్టు సాక్ష్యముండాది. తాళి కట్టినట్టు యాడుండాది?"

ఫోకస్‌కి ఒకే పాయింట్ ఎంచుకుని పెళ్లికూతురి ముఖం మీద పెట్టుంటే సరిపోయేది. ఇంతలో ఇంకో ఫోటో వచ్చింది. నా భుజం మీదుగా అక్షింతలు విసిరిన చెయ్యి అందులో తళతళా పడింది. ఆ గాజులు మా ఆవిడవే!

మామకు చెప్పలేదు. మీరైతే చెప్పేవారా?