రెండో దశ

2019లో నేను వనపర్తిలో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతున్నాను. అప్పుడే మన దేశ ఖగోళ శాస్త్రజ్ఞులు ఒక పెద్ద పని తలకెత్తుకున్నారు. అనేక దేశాలు కలిసి కట్టే రేడియో టెలిస్కోప్‌లో మన వంతు పని ఏమిటి, అందులో మనవాళ్లకు దక్కేదేమిటి అని ప్రణాళిక రాయాలి. రేడియో టెలిస్కోప్ అంటే కన్ను పెట్టి చూసేది కాదు, ఆకాశం నుంచి వచ్చే రేడియో తరంగాలను పట్టే యాంటెన్నాల గుంపు. చిన్న కాలేజీల తరఫున కూడా ఒకరుంటే బాగుంటుందని ఎవరికో తోచి నన్ను పిలిచారు. మా కాలేజీ మేడ మీద అల్యూమినియం రేకుతో చేసిన యాంటెన్నా ఒకటి ఉండటమే నా అర్హత.

దాన్ని నిజంగా నడిపింది రాజేశ్వరి. గద్వాలలో చీరలు నేసే ఇంటి పిల్ల, మా దగ్గర బీఎస్సీ ఆఖరి ఏడాది. యాంటెన్నా పట్టేదాంట్లో ఆకాశం కొంత, మన సెల్ టవర్ల గోల కొంత ఉంటుంది. ఆ గోలను గుర్తుపట్టి పక్కన పెట్టడాన్ని ఫ్లాగింగ్ అంటారు. ఒకరోజు తెర మీద నిటారుగా లేచిన గీతను చూసి, పాలపుంత సంకేతం దొరికిందని నేను ప్రిన్సిపాల్ గారిని మేడెక్కించాను. రాజేశ్వరి నవ్వాపుకుంటూ కిందికెళ్లి సీసీ కెమెరా పెట్టె ప్లగ్గు పీకింది. గీత మాయమైంది. ఆ ముచ్చట ఆయన రిటైరయ్యేదాకా అందరికీ చెప్పారు.

ప్రణాళికలో దేశాలు డబ్బుకు బదులు పని కూడా ఇవ్వొచ్చు. దాన్ని ఇన్-కైండ్ అంటారు. మన వంతుగా సాఫ్ట్‌వేర్, ఎలక్ట్రానిక్స్ పనులు పెద్ద సంస్థలు పంచుకున్నాయి. నేను చివర్లో ఒక అధ్యాయం రాశాను. కొన్ని జిల్లా కాలేజీల్లో శిక్షణ కేంద్రాలు పెట్టి, ఒక్కోదానికి ఒక డేటా అసిస్టెంటును తీసుకోవాలని అందులో అడిగాను. అది రాస్తున్నంతసేపూ నా కళ్ల ముందు రాజేశ్వరే ఉంది. డిగ్రీ అయ్యాక ఆమెకు బీఎడ్ సీటొస్తే, కొన్నాళ్లు ఆగమ్మా, మన కాలేజీకే కేంద్రం రావచ్చు అన్నాను. నా మాట మీద ఆమె సీటు వదులుకుంది.

తర్వాత కరోనా వచ్చి సమావేశాలు ఫోన్ తెరల మీదికి మారాయి. ఏడాది దాటింది. ఆఖరి సమావేశంలో నా అధ్యాయాన్ని కొట్టేయకుండా రెండో దశలోకి జరిపారు. మాలో అది గెలుపు కిందే లెక్క. టెలిస్కోప్ కట్టడానికే ఏళ్లు పడుతుంది, మా ప్రణాళికలన్నీ ఆ నడకతోనే సాగుతాయి. అందరూ అభినందించారు. ఆ సంతోషంలోనే మర్నాడు గద్వాల బస్సెక్కాను. పెబ్బేరులో సంత రోజు, ఎద్దుల బండ్ల మధ్య బస్సు ఆగిపోయినా విసుగు రాలేదు.

రాజేశ్వరి తండ్రి మగ్గం మీదున్నాడు. నూలు చీరకు పట్టు అంచు పడుతోంది. ఆమె చాయ్ తెచ్చింది. నేను శుభవార్తలా చెప్పాను.

"రెండో దశంటే ఎప్పుడు సార్?" అంది.

"పరిశోధనల్ల అదేం ఎక్కువ కాదమ్మా. ఓ ఐదారేండ్లు."

తండ్రి చేయి ఆపాడు. "పడుగు ఎక్కిచ్చి నేయకుండ ఊకె పెడ్తే పోగులు తెగుతయ్ సార్," అన్నాడు. "పిల్ల ఇంటికాడ కూసొని ఏడాదాయె. ఇంక ఎప్పటిదాంక ఆగాలె?"

ఆయన కోపంగా అడిగి ఉంటే బాగుండేదనిపించింది. కొన్నాళ్లకు ఆమె గద్వాలలోనే ఒక పత్తి విత్తనాల కంపెనీలో చేరింది. మొలక వచ్చిన గింజలూ రాని గింజలూ వేరుచేసే పని.

నిరుడు రెండో దశ నిజంగానే వచ్చింది. మా కాలేజీకి కేంద్రం, ఒక డేటా అసిస్టెంటు పోస్టు మంజూరయ్యాయి. నిబంధనలు చదివితే, డిగ్రీ పూర్తిచేసి మూడేళ్లు దాటనివాళ్లే అర్హులని ఉంది. కొత్తవాళ్లకు అవకాశం దక్కాలనే మంచి ఉద్దేశంతోనే ఎవరో పెట్టిన నిబంధన. సడలించమని రాశాను, కుదరదన్నారు. ఎవరి కోసం ఆ అధ్యాయం రాశానో ఆమెకే అందులో చోటు లేదు. వేరేవాళ్ల నోట వినడం కంటే నేనే చెప్పాలని ఫోన్ చేశాను.

"పోనీ సార్, మన కాలేజీకి వచ్చింది గద, మంచిగైంది," అంది. మేడ మీద పాత యాంటెన్నా ఉందా అని అడిగింది. ఉందన్నాను. "ఒక్క మాట సార్. ఆర్డర్ చేతికొచ్చినంకనే పిల్లలకు చెప్పుండ్రి. ఆగుమని మాత్రం ఎవ్వర్కి చెప్పకుండ్రి," అంది.

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. ఇప్పుడు ఏ ప్రణాళిక నా ముందుకొచ్చినా, ప్రతి దశ పక్కన అప్పటికి మా పిల్లల వయసెంతవుతుందో పెన్సిల్‌తో వేసుకుంటున్నాను. మొన్నటి సమావేశంలో పక్కాయన ఆ అంకెలేమిటని అడిగాడు. మా విద్యార్థుల వయసులన్నాను. టెలిస్కోప్‌కూ వాటికీ సంబంధమేమిటన్నాడు. ఆయన స్థానంలో ఒకప్పుడు నేనున్నా అదే అడిగేవాణ్ని.