ఎజీదియో తాత వేసిన ఒకే ఒక్క ఓటు

రొక్కాసెల్వాలో మా తాత ఎజీదియోకి రెండు గొప్పలుండేవి. ఒకటి, ఎవరి గడ్డం గీసినా నెత్తురు చుక్క రానివ్వడు. రెండోది, ఆయనకు ఓటుంది. మొదటిది పూర్తిగా నిజం కాదు. ఊళ్ళో సగం గడ్డాల మీద సాక్ష్యాలున్నాయి. రెండోది మాత్రం నిజం.

ఆ ఓటు ఊరికే రాలేదు. పెద్ద ఆస్తి లేని మగవాడికి ఓటు కావాలంటే చదవడం, రాయడం రావాలని చట్టం. నలభయ్యో ఏడు దాకా తాతకు కత్తి పట్టడం తప్ప కలం పట్టడం తెలీదు. అప్పుడు సావినో పంతులు పెద్దవాళ్ళ కోసం సాయంత్రం బడి పెట్టాడు. కూలీలూ, చెప్పులు కుట్టేవాళ్ళూ, వాళ్ళ మధ్య తాతా, చిన్నపిల్లల బెంచీల మీద మోకాళ్ళు గడ్డానికి తగిలేట్టు కూర్చునేవారు. పంతులు ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోలేదు. తాత వేళ్ళ మీద తన వేళ్ళుంచి దిద్దించాడు.

"అంత గట్టిగా గీయకయ్యా. కాగితానికి గడ్డం లేదు" అనేవాడు.

రెండు చలికాలాలు పట్టింది. పేరు జాబితాకెక్కాక తాతను పట్టలేకపోయారు. వచ్చినవాళ్ళ ముఖానికి నురగ పూసి, పత్రిక తీసి, రోమ్ సంగతులు పైకి చదివేవాడు. ఆయన చదివే వేగానికి నురగ ఎండిపోయేది. ఒక్కోసారి వార్త పూర్తయ్యేలోగా అందులోని ప్రధానమంత్రి దిగిపోయి ఇంకొకాయన వచ్చేవాడు.

పద్దెనిమిది వందల తొంభై రెండులో ఎన్నికలొచ్చాయి. ఒకవైపు డాక్టరు మొంతేసానో. చలిజ్వరం వస్తే అర్ధరాత్రయినా గాడిదెక్కి వచ్చే మనిషి. రెండోవైపు వకీలు స్కాల్దాఫెర్రి. రోమ్‌లో ఎవరు ప్రధాని అయితే ఆయన వెనక బెంచీలో చేరిపోయేవాడు. ప్రభుత్వాలు చాలా మారాయి కానీ ఆయనకు ఎండ మాత్రం ఎప్పుడూ తగల్లేదు.

"పంతులుగారూ, నా మొదటి ఓటు డాక్టరుగారికే" అన్నాడు తాత.

"నాకు చెప్పకు. చెయ్యి నీది, కలం నీది."

"చెప్తాను. సాన్ రొక్కో స్వామి మీద ఒట్టేసి చెప్తాను!"

పంతులు నవ్వాడు. ఆయన అడిగి వేయించుకున్న ఒట్టయితే తాత తర్వాత అంత బాధపడేవాడు కాదేమో.

వారం తిరక్కుండా వకీలు మనిషి దొన్ బెర్నార్దీనో గడ్డం గీయించుకోవడానికి వచ్చాడు. కుర్చీలో వెనక్కి వాలి అడిగాడు:

"ఏమోయ్ ఎజీదియో, ఉప్పూ పొగాకూ కొట్టు ముసలమ్మ పోయింది కదా. ఆ లైసెన్సు ఎవరికిస్తారంటావ్?"

"సర్కారువారి దయండీ."

"సర్కారుకు నీ పేరేం తెలుసు? వకీలుగారు చెప్తే తెలుస్తుంది. ఆయన పేరు రాయి. పేరుకు ముందు 'ఘనత వహించిన న్యాయవాది' అని రాయి, వెనకాల 'మన జిల్లాకు తండ్రి' అని చేర్చు. అది నీ ఒక్కడికే. చెప్పులవాడికి వేరేది ఇచ్చాను."

"అంత పొడుగు ఎందుకండీ?"

"కాగితాలు పైకి చదువుతారు కదా! మీలో ఎవరి కాగితం ఏదో నాకు విడివిడిగా వినబడాలి."

ఇంట్లో నానమ్మ కార్మోసీనా ఒక్కమాటలో తేల్చేసింది. "నిలబడి నిలబడి నీ కాళ్ళ నరాలు తాళ్ళలా లేచాయి. కూర్చుని ఉప్పు తూచే పనొస్తుంటే ఆలోచనేంటయ్యా?"

"పంతులుకి మాటిచ్చానే."

"పంతులుకి మాటిచ్చావు. నాకేమిచ్చావు, పెళ్ళినాడు ఎరువు తెచ్చిన గొడుగు తప్ప?"

ఓట్లు బళ్ళోనే వేయించారు. పరిశీలించేవాళ్ళలో ఒకడిగా పంతులు పెద్ద బల్ల దగ్గర కూర్చున్నాడు. పక్క బల్ల మీద రాసి, మడిచి, ఓటింగు జరిపే అధ్యక్షుడి చేతికివ్వాలి. తాత కలం సిరాలో ముంచేదాకా డాక్టరు పేరే రాద్దామనుకున్నాడట. ముంచి తీశాక కాళ్ళు నొప్పి పుట్టాయి. పొడుగు పేరంతా రాశాడు, ఒక్క మరక పడకుండా. రాస్తున్నంతసేపూ బాగా వస్తోందని లోపల ఎక్కడో మురిసిపోయాడట కూడా. ఆ మురిపెం గురించి తల్చుకున్నప్పుడే ఆయన చెవులు ఎక్కువ ఎర్రబడేవి.

మధ్యాహ్నం లెక్క మొదలైంది. అధ్యక్షుడు ఒక్కొక్కటే విప్పి చదువుతున్నాడు. "ఘనత వహించిన న్యాయవాది స్కాల్దాఫెర్రి, మన జిల్లాకు తండ్రి!"

"తల్లెవరో మరి!" అన్నారెవరో వెనక నుంచి. జనం గొల్లుమన్నారు. డాక్టరు తరఫు మనిషి లేచాడు. "ఇది ఎవరిదో తెలిసేట్టు గుర్తు పెట్టిన కాగితం. చెల్లదు!"

కాగితం చేతులు మారి పంతులు దగ్గరకొచ్చింది. ఆ అక్షరాలు ఆయనకు తెలియకపోతే ఎవరికి తెలుస్తాయి? ప్రతి గీతకూ చివర చిన్న కొక్కెం, కత్తి తిప్పినట్టు. రెండు చలికాలాలు చెప్పినా మానలేదు. పంతులు కళ్ళద్దాలు తీశాడు, తుడిచాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. తాత గోడకు అంటుకుపోయి, చెల్లదని చెప్పు స్వామీ, చింపెయ్యి స్వామీ, అని మనసులోనే పంతులుకు మొక్కుకుంటున్నాడు.

"పేరు స్పష్టంగా ఉంది" అన్నాడు పంతులు. "రాసినవాడు కష్టపడి రాశాడు. చెల్లుతుంది."

తాత నిలబడ్డ వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

డాక్టరు మా ఊళ్ళో పదకొండు ఓట్ల తేడాతో ఓడిపోయాడు. నా ఒక్కటి అటు పడినా ఓడిపోయేవాడేగా అని తాత మనసుకు చెప్పుకున్నాడు. మనసు వినలేదు.

లైసెన్సు వచ్చింది. అదే నెలలో పంతులుకి బదిలీ కాగితం కూడా వచ్చింది, కలాబ్రియా కొండల్లో ఏదో మారుమూల ఊరికి. సాయంత్రం బడి మూతపడింది. వెళ్ళే రోజు పొద్దున ఆయన గడ్డం గీయించుకోవడానికి వచ్చాడు. తాత కత్తి రెండుసార్లు కింద పెట్టి మళ్ళీ తీశాడు.

"పంతులుగారూ, ఆ రోజు నేను..."

"గొంతు దగ్గరున్నావయ్యా, చూసి గీయి."

గీయడం అయ్యాక పంతులు టోపీ పెట్టుకుంటూ, "ఉత్తరం రాస్తావా?" అన్నాడు.

"రాస్తానండీ."

రాయలేదు. ఎన్నోసార్లు కాగితం ముందు పెట్టుకున్నాడు. ఆ కొక్కేల అక్షరాలు పంతులు కళ్ళబడతాయనుకోగానే కలం ముందుకు కదిలేది కాదు.

ఇంకో రెండేళ్ళకు రోమ్‌లో మళ్ళీ ప్రధాని మారాడు. ఓటర్ల జాబితాలు తిరగేయమన్నారు. అనుమానం ఉన్నవాళ్ళకు మళ్ళీ రాతపరీక్ష. తాత మీద ఎవరికీ అనుమానం లేదు. తనే వెళ్ళి గుమస్తా ముందు నిలబడ్డాడు.

"బాబూ, నాకు రాయడం రాదు."

"హాస్యాలాడకు మామా. నా ముఖానికి నురగ పూసి నువ్వు చదివిన వార్తలు ఇంకా దురద పెడుతున్నాయి."

"బొమ్మలు చూసి కల్పించి చెప్పేవాణ్ణి."

గుమస్తా కాగితం ముందు పెట్టాడు. తాత కలాన్ని పలుగు పట్టినట్టు పిడికిట్లో పట్టుకుని సంతకం దగ్గర ఇంటూ గుర్తు పెట్టాడు. పేరు కొట్టేశారు.

దొన్ బెర్నార్దీనో కొట్టు దగ్గరకొచ్చి తిట్టిపోశాడు. కానీ లైసెన్సు పీకేయలేదు. పీకేస్తాడని తాత చాలాకాలం ఎదురుచూశాడు, కాస్త ఆశగానే.

"ఇప్పుడు తృప్తిగా ఉందా?" అంది నానమ్మ. "ముందు పంతులుకిచ్చిన మాట తప్పావు. ఇప్పుడు ఆయన నేర్పిన చదువే అబద్ధమన్నావు."

ఆ ముక్క తనకు ముందే తట్టనందుకు తాత ఇంకా సిగ్గుపడ్డాడు. ఒకసారి లేదన్నాక ఉందనడానికి ముఖం చెల్లలేదు. పత్రిక మాత్రం మానలేకపోయాడు. ఉప్పు బస్తాల చాటున కూర్చుని, పెదవులు కదలకుండా చదువుకునేవాడు. గుమ్మంలో అడుగుల చప్పుడైతే చాలు, పత్రికను తలకిందులుగా తిప్పి పట్టుకునేవాడు.