పరిశీలకుల వరసలో ఒక కుర్చీ

కార్మిక శాఖ మూడో అంతస్తులో, మెట్లకి ఎడంపక్క గదిలో, ఇరవై ఆరేళ్ళుగా ఒకే బల్ల ముందు కూర్చుని, ఏ సమావేశంలో ఎవరు ఏ కుర్చీలో కూర్చోవాలో కాగితం మీద పెట్టే గుమాస్తా ఒకాయన ఉన్నాడు. నిర్ణయించేది ఆయన కాదు. నిర్ణయించే పెద్దలకి కాగితం ఎక్కడ సంతకం చెయ్యాలో వేలుపెట్టి చూపించడం వరకే ఆయన అధికారం. అయినా ఆఫీసులో చిన్నాపెద్దా అందరూ ఆయన్ని ‘కుర్చీలాయన’ అనే పిలుస్తారు. ఆ బిరుదు ఎవరు ఇచ్చారో తెలియదు గానీ, ప్రమోషన్ల విషయంలో శాఖ చూపించిన నిదానం బిరుదు విషయంలో చూపించలేదు.

ఆయన విద్య అల్పమైంది కాదు. అంతర్జాతీయ కార్మిక సమావేశానికి కమిటీ వెయ్యాలంటే మూడు తరఫులూ ఉండాలి: ప్రభుత్వం, యజమానులు, కార్మికులు. తలలు సమానంగా ఉండాలి. ఒక తరఫున ఒకాయనకి జలుబు చేస్తే ఆయన బదులు కూర్చునే మనిషి పేరు ముందే రాసి ఉండాలి. ఆ బదులాయనకి కూడా జలుబు చేస్తే తతిమ్మా రెండు తరఫుల వాళ్ళూ చెరొకరిని తగ్గించుకోవాలి. ఈ జలుబుల లెక్కలో కుర్చీలాయన ఏనాడూ తప్పలేదు. సభ్యుల కుర్చీలకి చేతులుంటాయి, ముందు మైకు ఉంటుంది. వాళ్ళ వెనక, గోడవారగా, చేతులు లేని కుర్చీలు ఒక వరస వేస్తారు. వాటికి మైకు ఉండదు. అది పరిశీలకుల వరస.

ఆ ఏడు సమావేశం ఆయన ఊళ్ళోనే జరగాలని నిర్ణయమైంది. చర్చనీయాంశం, ఇళ్ళల్లో కూర్చుని పనిచేసే కార్మికులు. వాళ్ళని కార్మికులుగా లెక్కపెట్టాలా వద్దా అని నలభై దేశాలవాళ్ళు మూడు రోజులు ఆలోచించబోతున్నారు. కార్మికుల తరఫున పన్నెండుమంది పేర్లు వచ్చాయి. అందులో అందరికన్నా పెద్దాయన సుత్తి పట్టి ముప్ఫై ఏళ్ళయింది. ఇప్పుడాయన పట్టుకునేవి పూలగుత్తులు. మిగతావాళ్ళూ సభలకీ సన్మానాలకీ అరిగిపోయినవాళ్ళే. ఇంట్లో పనిచేసిన అనుభవం పన్నెండుమందిలో ఒక్కరికీ లేదు. వాళ్ళ ఇళ్ళల్లో పని వాళ్ళ భార్యలు చూసుకుంటారు.

ఒకరోజు మధ్యాహ్నం డైరెక్టరు పిలిచాడు.

“ఏమయ్యా, పైనుంచి ఫోను. ఇంట్లో పనిచేసేవాళ్ళ మీద మీటింగు పెట్టి అలాంటి మనిషి ఒక్కరూ కనపడకపోతే ఫొటోల్లో వెలితిగా ఉంటుందంటున్నారు. ఎవరినన్నా చూడు.”

“సభ్యత్వం ఇద్దామా సార్?”

“సభ్యత్వమా! యూనియన్లవాళ్ళు నా గదిముందు టెంటు వేస్తారు. పరిశీలకురాలిగా చాలు.”

కుర్చీలాయన గొంతు సవరించుకున్నాడు. ఇరవై ఆరేళ్ళలో ఆయన తనంతట తానుగా ఒక పేరు చెప్పడం అదే మొదలు.

“మా వదిన ఉంది సార్. పద్దెనిమిదేళ్ళుగా ఇంట్లో కూర్చుని బూట్లకి పైతోలు కుడుతుంది.”

“బంధువులు పనికిరారయ్యా. రూలుంది కదా.”

రూలు తీశారు. అందులో పదకొండు బంధుత్వాలున్నాయి. తమ్ముడి భార్య ఉంది, బావమరిది ఉన్నాడు, పెంపుడు కూతురి మామగారు కూడా ఉన్నాడు. అన్నభార్య లేదు. డైరెక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివి, “రూల్లో లేకపోతే ఆవిడ నీకు బంధువు కానట్టే. రాయి,” అన్నాడు. ఆ విధంగా ప్రభుత్వం వారు వదినకీ మరిదికీ చుట్టరికం రద్దు చేశారు.

ఈ వదిన సంగతి చెప్పాలి. అన్న పోయాక ఆవిడ కుర్చీలాయన ఇంట్లోనే, వీధిలోకి కిటికీ ఉన్న ముందుగదిలో ఉంటోంది. వచ్చిన మొదటి రోజే, “నీ జీతం మీద పడి తినను, నా తిండి నేను సంపాదించుకుంటాను, సరేనంటేనే పెట్టె లోపల పెడతాను,” అని గుమ్మంలో నిలబడి చెప్పింది. పెట్టె లోపలికి వచ్చింది. వారం తిరక్కుండా పనీ వచ్చింది. సోమవారం పొద్దున్న ఏజెంటు బండి వస్తుంది. కత్తిరించిన తోలుముక్కల సంచీ ఒకటి దింపుతారు. శనివారం సాయంత్రానికి అవి కుట్టిన జతలై వెనక్కి వెళ్ళాలి. మైనం పూసిన దారం, రెండు దబ్బనాలు, కుట్టు అణగడానికి కొట్టే చిన్న చెక్కసుత్తి, చూపుడువేలికి తోలు తొడుగు, ఇదీ ఆవిడ కర్మాగారం. సాయంత్రం ఆరింటికి కర్మాగారాన్ని మడతపెట్టి మంచం కిందికి తోస్తుంది. ఆ ఇంట్లో ఆవిడ తల ఎత్తుకుని తిరగడానికి ఆధారం ఆ సంచీ ఒక్కటే. తోడికోడలితో మాట తేడా వచ్చినప్పుడు కూడా ఆవిడ గొంతు తగ్గేది కాదు. సంచీ ఉందిగా.

పిలుపు సంగతి చెప్పగానే ఆవిడ దబ్బనం ఆపలేదు.

“నలభై దేశాలవాళ్ళు నా కుట్టు సంగతి మాట్లాడతారా? వాళ్ళకేం పనీపాటా లేవా?”

“అదే వాళ్ళ పని వదినా.”

“సరే, నేనేం చెప్పాలట?”

“ఏం చెప్పక్కర్లేదు. పరిశీలకులు మాట్లాడకూడదు.”

ఇప్పుడు దబ్బనం ఆగింది. “మాట్లాడకూడదా? మరి పిలవడమెందుకయ్యా?”

“చూడ్డానికి.”

“ఏం చూడాలి?”

“మాట్లాడేవాళ్ళని.”

వదిన కాసేపు ఆయన మొహం చూసి, “మీ అన్నతో పన్నెండేళ్ళు నేను చేసింది అదే,” అంది. తర్వాత ఏమనుకుందో ఏమో, “పోనీలే, నేను వాళ్ళని చూస్తే వాళ్ళూ నన్ను చూస్తారు. ఈ చేతులు చూస్తారు. వస్తానని రాయి,” అంది. ఆ రాత్రి భోజనాలప్పుడు తోడికోడలిని, అలాంటి చోటికి ఏ చీర బావుంటుందని కూడా అడిగింది.

ఇక ఆహ్వానం పంపాలి. అక్కడే వచ్చింది చిక్కు. ఉద్యోగంలో ఉన్న పరిశీలకులకి ఆహ్వానం యజమాని ద్వారా వెళ్ళాలి, యజమాని ‘అభ్యంతరం లేదు’ అని రాసివ్వాలి. ఆ రూలు ఎన్నో నంబరుదో కుర్చీలాయన నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. ఎందరి కాగితాలో అదే మార్గంలో పంపాడు. ఈసారి మాత్రం ఆయన చెయ్యి టైపు మిషను మీద ఆగిపోయింది. డైరెక్టరు దగ్గరికి వెళ్ళాడు.

“సార్, ఆవిడకి యజమాని లేడు. సరుకు ఇచ్చిపుచ్చుకునే ఏజెంటు ఒకడున్నాడు, అంతే.”

“పని ఇచ్చేవాడే యజమాని. అతని ద్వారా పంపు.”

“పంపితే అతను వేరేగా అనుకుంటాడేమో సార్. ప్రభుత్వం ముద్ర చూసి భయపడి...”

“నువ్వు ఇన్నేళ్ళ సర్వీసున్న మనిషివి. మార్గం తప్పి పంపితే రేపు ఎవరైనా ప్రశ్న వేస్తే జవాబు నువ్వు చెప్తావా, నేను చెప్పాలా?”

జవాబు చెప్పే అలవాటు కుర్చీలాయనకి లేదు. కాగితం టైపు చేశాడు. చేసి, రెండు రోజులు పాత ఫైళ్ళ కింద దాచాడు. శాఖ మీద ఆయన చేసిన ఏకైక తిరుగుబాటు అది. మూడోరోజు ఆయన మంచినీళ్ళకి లేచినప్పుడు, టపా బంట్రోతు ఎంతో శ్రద్ధగా ఫైళ్ళన్నీ వెతికి, “మీరు మర్చిపోయినట్టున్నారు సార్, నేను పంపించేశాను,” అని శుభవార్త చెప్పాడు.

ఏజెంటు జవాబు వారంలో వచ్చింది. చక్కటి కాగితం, చక్కటి భాష. తనకి ఎలాంటి అభ్యంతరమూ లేదనీ, ఇలాంటి సమావేశాలంటే తనకి గౌరవమనీ, అయితే సదరు మహిళ తన ఉద్యోగి ఏనాడూ కాదనీ, ప్రస్తుతం ఆమెకి తన దగ్గర పనేమీ లేదనీ రాశాడు.

ఆ సోమవారం బండి వీధిలోకి వచ్చింది. ఎదురింటి దగ్గర ఆగింది, మూలఇంటి దగ్గర ఆగింది. వదిన తలుపు తీసుకుని గుమ్మంలో నిలబడింది. బండి ఆవిడ ముందునుంచే వెళ్ళిపోయింది. మర్నాడు గోదాముకి వెళ్ళింది. ఏజెంటు కుర్చీ వేయించి కూర్చోబెట్టాడు. అన్నేళ్ళలో అతను ఆవిడకి కుర్చీ వెయ్యడం అదే మొదటిసారి.

“నువ్వు పెద్దదానివైపోయావమ్మా. ప్రపంచం పిలుస్తోంది. నీచేత సంచులు మోయించడం నాకు పాపం కాదూ?”

“నాకేం ప్రపంచం వద్దు బాబూ. సంచీ ఇప్పించండి.”

“ఎలా ఇస్తానమ్మా? సర్కారు వాళ్ళు నన్ను యజమాని అంటున్నారు. ఇవాళ నీకు యజమానినైతే రేపు రెండొందల మందికి అవ్వాలి.”

ఆవిడ ఇంటికి వచ్చి ఇదంతా పొల్లుపోకుండా చెప్పింది. కుర్చీలాయన భార్య వింటూ వింటూ మొగుడి వైపు తిరిగి, “ఆవిడ మానాన ఆవిడ కుట్టుకుంటుంటే మిమ్మల్నెవరు పిలవమన్నారండీ?” అంది. వదిన మాత్రం దబ్బనాలూ సుత్తీ సర్ది మంచం కిందికి తోసింది. ఆవిడ ఏదన్నా అంటే బావుండునని ఆయన చాలాసేపు కూర్చున్నాడు.

మర్నాడు ఆఫీసు తెరవకముందే డైరెక్టరు గది బయట నిలబడ్డాడు. సంగతంతా చెప్పాడు. డైరెక్టరు నిజంగానే నొచ్చుకున్నాడు. టీ కూడా తాగలేదు.

“అయ్యో. అయితే ఆవిడ ఇప్పుడు పనిలో లేదన్నమాట.”

“లేదు సార్. మనం ఏజెంటుకి ఒక్క ముక్క రాస్తే...”

“పనిలో లేని మనిషిని, ఇంట్లో పనిచేసే కార్మికురాలు అని ఎలా పిలుస్తామయ్యా? నీకే తెలుసు కదా.”

తెలుసు. అది కూడా రూలే.

“ఆహ్వానం ఉపసంహరించుకో. మర్యాదగా రాయి, విచారిస్తున్నాం అని పెట్టు. కానీ కుర్చీ ఖాళీగా ఉండకూడదు. ఇళ్ళల్లో జరిగే పనితో సంబంధం ఉన్నవాళ్ళు ఇంకెవరున్నారు?” డైరెక్టరు ఫైలు తిరగేశాడు. ఏజెంటు ఉత్తరం కనపడింది. రెండుసార్లు చదివాడు. “ఇదిగో, ఇతను. ఎంత అవగాహనతో రాశాడో చూడు!”

ఆరోజు కుర్చీలాయన రెండు ఉత్తరాలు టైపు చేశాడు. ఒకటి విచారిస్తున్నాం అని, ఒకటి సంతోషిస్తున్నాం అని. కవర్లు తారుమారు కాకుండా ఎంతో జాగ్రత్త తీసుకున్నాడు. మొదటిదాన్ని టపాకి ఇవ్వకుండా తనే ఇంటికి తీసుకెళ్ళాడు. వదిన చదివించుకుని, “చాలా బాగా రాశారు. ఎవరు రాసిందీ?” అని అడిగింది.

“నేనే వదినా.”

“అదే అనుకున్నాను. చదువుకున్నవాడి రాత తెలిసిపోతుంది,” అని కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి అన్న ఫొటో వెనక పెట్టింది. ఎత్తిపొడుపో, మెచ్చుకోలో ఆయనకి ఈరోజుకీ తేలలేదు.

సమావేశం మొదటి రోజు పొద్దున్న, హాలు గుమ్మంలో బ్యాడ్జీలు తగిలించే పని ఆయనదే. ఏజెంటు కొత్త కోటు వేసుకుని వచ్చాడు. బ్యాడ్జీ పిన్ను గుచ్చుతూ కుర్చీలాయన గొంతు తగ్గించి అడిగాడు.

“అయ్యా, మా వదినకి సంచీ మళ్ళీ వేయించండి. ఆవిడ ఎక్కడా ఏమీ చెప్పలేదు, చెప్పదు కూడా. తప్పు నాది.”

ఏజెంటు ఆయన భుజం మీద చెయ్యివేశాడు. “చూడండి మాస్టారూ, నేనిప్పుడు పరిశీలకుణ్ణి. ఒకరి తరఫున మాట్లాడకూడదు. ఈ మూడురోజులూ నిష్పక్షపాతంగా ఉండనివ్వండి.”

మూడురోజులూ ఉన్నాడు. గోడవార కుర్చీలో చేతులు కట్టుకుని, మాట్లాడేవాళ్ళందరినీ వరసగా చూశాడు. ఫొటోల్లో బాగా పడ్డాడు. మూడోరోజు సాయంత్రం సభవారు, ఈ విషయం చాలా గంభీరమైందనీ, లోతుగా చూడ్డానికి ఇంకో కమిటీ వెయ్యాలనీ ఏకగ్రీవంగా తీర్మానించారు. ఆ తర్వాత కుర్చీలాయన రెండుసార్లు గోదాముకి వెళ్ళాడు. రెండుసార్లూ ఏజెంటు కొత్త కమిటీకి సంబంధించిన పనిమీద వెళ్ళాడన్నారు.

నెల గడిచాక మూలఇంటావిడ ఒక ఉపాయం చెప్పింది. ఏజెంటు దగ్గర తన పేరు మీద రెండు సంచులు తీసుకుంటుంది. ఒకటి వదిన కుడుతుంది. వచ్చినదాంట్లో మూలఇంటావిడకి వాటా. వదిన ఒప్పుకుంది. సంచీ చీకటిపడ్డాక పెరటిదారిన వస్తుంది, పెరటిదారినే పోతుంది. ముందుగది కిటికీ ఇప్పుడు మూసే ఉంటుంది.

ఒక సోమవారం కుర్చీలాయనకి సెలవు. ముందుగదిలో బల్లమీద కొత్త కమిటీ జాబితా పెట్టుకుని తలలు సరిచూస్తున్నాడు. వదిన నేలమీద కూర్చుని కుట్టు మీద చెక్కసుత్తితో టకటకా కొడుతోంది. వీధి చివర బండి చప్పుడు వినపడింది. సుత్తి ఆగింది. ఆయన కలం కూడా ఆగింది. బండి నెమ్మదిగా వచ్చి ఎదురింటి దగ్గర నిలబడింది. ఏజెంటు గొంతు, సంచులు దింపుతున్న చప్పుడు, ఎవరిదో నవ్వు. వదిన ఒళ్ళో తోలుముక్కని పమిటచెంగుతో కప్పేసింది. ఆయనకి దగ్గు వచ్చింది. మింగేశాడు. బండి కదిలి, మూలఇంటి దగ్గర ఇంకోసారి ఆగి, వెళ్ళిపోయింది.

“పోయాడా?” అంది వదిన.

ఆయన లేచి కిటికీ సందులోంచి చూసి, “పోయాడు,” అన్నాడు.